అరవడమే దాని పని

ఆ సోమవారం ఉదయం అసాబెయా తన రొట్టెల దుకాణానికి తాళం వేసి, ఇంటి ముందు నిలబెట్టిన పెద్దబండి వెనుక తలుపు తీసింది. అందులోకి ఎక్కవలసినవి చాలా ఉన్నాయి. బియ్యం మూటలు, కూల్‌డ్రింకుల కేసులు, పామాయిల్ డబ్బా, యామ్ దుంపలు, పెద్ద అల్యూమినియం గిన్నె, అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలు, వాటన్నిటి మీద నలగకుండా పరచవలసిన కొత్త తెల్లబట్టలు. కూతురు సెర్వాకు తొలికాన్పు కొండమీద అత్తవారి ఊరు ఒబోలో జరిగింది. మగపిల్లవాడు. మంగళవారం పుట్టాడు కనుక మళ్ళీ మంగళవారం నాడు, సూర్యుడు పైకి రాకముందే, వాణ్ణి తొలిసారిగా గడప దాటించి ఆరుబయట పేరు పెడతారు. మంగళవారపు మగపిల్లలందరికీ వచ్చే 'క్వాబెనా' పక్కన పెట్టబోయే పేరు అమ్మ తండ్రిది. అంటే అసాబెయా భర్త ద్వామెనాది.

ఇల్లరికపు అల్లుడు కూడా అంత మర్యాద చేయడు. మా క్వాహు తెగవారిలో బిడ్డకు పేరు పెట్టే హక్కు తండ్రి వైపు వారిది. వారు తమ వంశంలోని పేర్లన్నీ పక్కన పెట్టి వియ్యంకుడి పేరు ఎంచుకున్నారంటే, ఆ వియ్యంకుడి గుణం నచ్చిందని అర్థం. కొఫొరిడువా బజారులో ఇంటికప్పు రేకులు అమ్ముకునే ద్వామెనా అప్పటినుంచీ నేలమీద నడవడం లేదు.

"సెర్వా అమ్మా, రొట్టెలు పైన పెట్టు. కింద పెడితే అట్టలైపోతాయి. క్వాబెనా ద్వామెనా బారసాలకి అట్టలు పంచారంటారు" అన్నాడు.

"పేరు పెట్టేది రేపురా తమ్ముడూ. ఇవాళే ఉబ్బిపోకు, చొక్కా బొత్తాలు ఊడతాయి" అంది అక్క పోకువా, ముందుగానే వెనుక సీటు ఆక్రమించుకుని.

అందరూ నవ్వారు. బండి వెనుక అద్దం మీద ఎర్రటి అక్షరాలతో 'దేవుడు నిద్రపోడు' అని రాసి ఉంది. కొన్నరోజున చర్చి పెద్ద వచ్చి చక్రాలకు నూనె పూసి ప్రార్థన చేసిన బండి అది. చదివేవారు ఈ కుటుంబాన్ని ఆ గడియలో చూసి ఉంటే, ఎంత చల్లని సంసారం అనుకునేవారే. చల్లని సంసారమే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ బండిలో ఒక జబ్బు ఉంది. బండి జబ్బుకు ఫిట్టరు ఉన్నాడు. ఆ జబ్బును కప్పిపెట్టిన జబ్బు మాత్రం మనుషులది. మన చాలా ఇళ్ళలో ఉన్నదే.

అదేమిటో చెప్పాలంటే ముందు పంక్చరు కథ చెప్పాలి. నిరుడు ఒకనాడు పోకువా బండి ఎక్కుతూ, "టైర్లు నున్నగా బోడిగుండులా ఉన్నాయేంట్రా" అంది. సాయంత్రానికి ఒక టైరు పేలింది. అరిగిన టైరు పేలక ఏం చేస్తుంది? కానీ ద్వామెనా లెక్క వేరు. టైరు అరగడం వల్ల పేలలేదట. అక్క నోటి వల్ల పేలిందట! ఆనాటి నుంచి పోకువాకు 'పంక్చరు నోరు' అని బిరుదు వచ్చింది. బండి గురించి ఎవరు కీడు మాట పలికినా ద్వామెనా తల చుట్టూ చేయి తిప్పి, "తొఫియాక్వా! ఆ మాట గాలికి పోనీ, దేవుడు అడ్డుపడనీ" అంటాడు. మా వైపు ఈ మాట అననివారు లేరు. జరగబోయే చెడును పైకి అంటే దాన్ని పేరు పెట్టి పిలిచినట్టేనని మా నమ్మకం. శుభం పలకమన్నారు కదా అని అందరూ శుభమే పలుకుతారు. అశుభం మాత్రం ఎవరి పిలుపూ లేకుండానే వచ్చి కూర్చుంటుంది.

కొన్నాళ్ళుగా బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ముందు చక్రం కీచుమంటోంది. మొదట విన్నది అసాబెయా. "సెర్వా నాన్నా, చక్రం ఏడుస్తోంది, వినపడిందా?" అంది.

"తొఫియాక్వా! బిడ్డ పుట్టిన ఇంట్లో ఏడుపు మాటలేంటి? దుమ్ము పడుంటుంది."

దుమ్ము పడితే కడిగితే పోవాలి. కడిగినా పోలేదు. బజారులో జనం తల తిప్పి చూసేంతగా కూత పెరిగాక, ద్వామెనాకు సిగ్గేసి ఫిట్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అసాబెయా కూడా వెళ్ళింది, రొట్టెల బుట్ట ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. చక్రం విప్పిన ఫిట్టరు ఏదో చెప్పబోయాడు. ద్వామెనా చేయి అడ్డుపెట్టి, "జాబితా చదవకు. కొండమీద శుభకార్యం ఉంది. ఈ కూత ఆపు చాలు, మిగతావి వచ్చాక చూద్దాం" అన్నాడు. ఫిట్టరు భుజాలెగరేసి పట్టకారు తీసుకున్నాడు. కాసేపటికి కూత ఆగిపోయింది.

"చూశావా? ఊరికే బెంబేలు పడతావు" అన్నాడు ద్వామెనా దారిలో. నిజంగానే బండి పిల్లిలా నిశ్శబ్దంగా నడిచింది. అసాబెయా కూడా అమ్మయ్య అనుకుంది.

కానీ నిన్న ఆదివారం చర్చి నుంచి వాలులో దిగి వస్తున్నప్పుడు వేరే శబ్దం విన్నది. కీచుమనేది కాదు. ఖాళీ రోటిలో రాయి తిప్పినట్టు, అడుగునుంచి బరబరమని. బండి ఆగాక మాడిన వాసన వచ్చింది. ముప్పై ఏళ్ళుగా పొయ్యి ముందు బతికిన మనిషికి మాడు వాసన ఒకరు చెప్పాలా?

"ఏదో మాడుతోంది సెర్వా నాన్నా."

"నీ ముక్కులో ఎప్పుడూ రొట్టెలే మాడుతుంటాయి" అన్నాడు ఆయన, నవ్వుతూనే. కానీ ఆ నవ్వు వెనక కళ్ళు ఎర్రబడడం ఆమె చూసింది. మనవడి పేరు తన పేరవుతున్న వారంలో కీడు మాట వినడానికి ఆయన సిద్ధంగా లేడు. ఆమె నోరు మూసుకుంది.

*

కొండ కింది ఎన్‌కాకా ఊరు ఇంకా రాకముందే రోడ్డు మీద పోలీసు చెక్‌పోస్టు వచ్చింది. పోలీసు చేయి పైకెత్తి నిలబడ్డాడు. ద్వామెనా బ్రేకు తొక్కాడు. బండి బరబరమంటూ వెళ్ళి, ఆగవలసిన చోటు దాటి, పోలీసు కాలు వెనక్కి లాక్కున్నాక ఆగింది.

"అయ్యా, బూట్లు కొత్తవి. కాళ్ళు పాతవే అయినా నాకు ఇంకా పనికొస్తాయి" అన్నాడు పోలీసు. తరువాత వంగి చక్రం వైపు చూసి, "బ్రేకులు చూపించుకోండి పెద్దాయనా. పైకి వెళ్ళేది కొండ" అన్నాడు.

ద్వామెనా ఒక రొట్టె ఆయన చేతిలో పెట్టి, దండం పెట్టి, అద్దం పైకెత్తాక అన్నాడు: "తొఫియాక్వా! పోలీసు నోరు కూడా పంక్చరు నోరే."

అసాబెయా వెనక్కి తిరిగి చూసింది. పోకువా ముఖం బిగుసుకుపోయి ఉంది. అంతకన్నా వింత, ఆమె కుడికాలు. వెనుక సీటులో బ్రేకు ఎక్కడుంది? అయినా ఆ కాలు నేలను గట్టిగా తొక్కి పట్టుకుని ఉంది. వదినా ఆడపడుచుల కళ్ళు కలిశాయి, మళ్ళీ విడిపోయాయి.

తరువాత కొండ ఎక్కడమే. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? ఇంజను మూలుగుతూ మలుపు తరువాత మలుపు ఎక్కింది. ద్వామెనా భక్తిగీతం ఎత్తుకున్నాడు. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ, లోయ అడుగున అగ్గిపెట్టెల్లా ఎన్‌కాకా ఇళ్ళు. అసాబెయా లోయ వైపు చూడకుండా కూర్చుంది. ఎక్కిన ప్రతి మలుపూ రేపు దిగవలసినదే. దిగేటప్పుడు ఆయన అలవాటు ఆమెకు తెలుసు. పెట్రోలు మిగులుతుందని గేరు తీసేసి, బండిని దానిమానాన వదిలి, బ్రేకు మీదే దిగుతాడు. క్వాహు మనిషి లోయలో పడుతూ కూడా జేబు గట్టిగా పట్టుకుంటాడని మా మీద మిగతా ఊళ్ళవాళ్ళు వేసే జోకు ఉత్తినే పుట్టలేదు.

ఒబోలో వియ్యాలవారు ఎదురొచ్చారు. కుర్చీలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి, వచ్చిన సంగతి అడిగారు. మా మర్యాదలో దానికి ఒకటే మొదటి జవాబు: "బొకో." అంతా చల్లగా ఉంది అని. చావు కబురు మోసుకొచ్చినవాడైనా ముందు బొకో అన్నాకే కబురు విప్పాలి. "బొకో" అన్నాడు ద్వామెనా. "బొకో" అన్నారు ఆడవాళ్ళు. అసాబెయా నాలుక మీద ఆ మాట ఉప్పులేని గంజిలా అనిపించింది.

అల్లుడు బొవాఫో బడిపంతులు, నిదానస్తుడు. బండిని చెట్టునీడకు మారుస్తానని తాళాలు తీసుకెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. తాళాలు రెండు చేతులతో మామగారికి అందిస్తూ ఏదో అనబోయాడు. "ఏం అల్లుడూ?" అన్నాడు ద్వామెనా. "ఏం లేదు అగ్యా. బండి బాగుంది" అన్నాడు అల్లుడు. అగ్యా అంటే మా వైపు తండ్రీ అని.

లోపల సెర్వా బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టింది. పిడికిళ్ళు బిగించి నిద్రపోతున్నాడు, కోపంగా ఉన్న చిన్న తాతలా. "నా మూటలు కట్టేసుకున్నానమ్మా. రేపు పేరు పెట్టగానే మీతోనే దిగుతాం, వాడూ నేనూ. నీ దగ్గరే మూడు నెలలు" అంది కూతురు మురిసిపోతూ.

తొలికాన్పు తల్లి పుట్టింటికి వెళ్ళడం ఎక్కడైనా ఉన్నదే. అసాబెయా కూడా ఆ మాట ముందునుంచీ తెలిసే వచ్చింది. కానీ ఆ వెచ్చని బరువు ఒళ్ళో పడ్డాక ఆమెకు రేపటి దారి కళ్ళ ముందు కదిలింది. ఆ బండి, ఆ వాలు, ఈ పసికందు.

వంటపొయ్యి దగ్గర ముద్ద దంచుతూ ఆమె ఆడపడుచును కదిపింది. "వదినా, ఆ శబ్దం విన్నావా?"

"చెవిటిదాన్నా వినకపోడానికి?"

"మరి చెప్పవేం? నువ్వు అక్కవి. నీ మాట కొట్టేయడు."

"నేనా? తల్లీ, నాది పంక్చరు నోరు. నేనంటే చక్రమే ఊడిపోతుంది, ఆ తరువాత ఏడాదంతా నన్నే ఊడదీస్తాడు. నువ్వు పెళ్ళానివి, నువ్వు చెప్పు."

"చెప్పాను. రెండుసార్లు చెప్పాను."

"మూడోసారి చెప్తే బిడ్డకి తగులుతుందంటాడు. నాకూ ఆ భయం ఉంది" అంది పోకువా గొంతు తగ్గించి. "ఏమో, నిజంగానే నోటిమాటకి బలం ఉంటేనో?"

ఇద్దరూ రోకలి ఆపి ఒకరినొకరు చూసుకున్నారు. పిల్లి మెడలో గంట కట్టేవాళ్ళు లేరు. తరువాత మళ్ళీ దంచసాగారు.

*

తెల్లవారుతుండగా వాకిట్లో కుర్చీలు వేశారు. కొండమీద మంచు ఇంకా ఇళ్ళ కప్పుల మీద కూర్చుని ఉంది. అందరూ తెల్లబట్టలు కట్టారు. ఊరంతా 'నానా' అని పిలిచే వంశపెద్ద న్యాంతాచి చేతికర్ర ఆన్చుకుని మధ్యలో కూర్చున్నాడు. ముందు రెండు గ్లాసులు. ఒకదానిలో నీళ్ళు, ఒకదానిలో సారా. చూడడానికి రెండూ ఒకటే.

బిడ్డను గడప దాటించి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టారు. నానా వేలు నీళ్ళలో ముంచి వాడి నాలుక మీద అద్దాడు.

"క్వాబెనా ద్వామెనా! ఇవి నీళ్ళు. నువ్వు నీళ్ళంటే లోకం నీళ్ళే అనుకోవాలి."

వేలు సారాలో ముంచాడు. బిడ్డ ముఖం చిట్లించాడు. జనం ముసిముసిగా నవ్వారు.

"ఇది సారా. నువ్వు సారా అంటే సారాయే కావాలి. ఎవరికి భయపడీ, ఎవరి మెప్పు కోసమూ నీళ్ళని సారా అనకు, సారాని నీళ్ళనకు. మీ తాత మాట తప్పని మనిషని ఆయన పేరు నీకిస్తున్నాం."

ద్వామెనా ఛాతీ మీద చేయి పెట్టుకుని లేచి వంగాడు. కళ్ళు చెమర్చాయి. అసాబెయాకు భర్త మీద ప్రేమ పొంగింది. ఆయన మంచివాడు. బజారులో తుప్పురేకు మీద రంగు వేసి అమ్మడం ఎన్నడూ ఎరగడు. అలాంటి మనిషి తన బండి విషయంలో మాత్రం...

నానా బిడ్డను ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు. "అమ్మమ్మా, మా బిడ్డని నీకు అప్పగిస్తున్నాం. తీసుకెళ్ళి, పెంచి, తిరిగి తీసుకురా. దారి ఎలా ఉంది?"

ఇది కూడా మర్యాద ప్రశ్నే. "బొకో" అనాలి. అందరూ ఆ ఒక్క మాట కోసం చూస్తున్నారు. అన్నాక చప్పట్లు, డప్పులు, భోజనాలు.

అసాబెయా నోరు తెరిచింది. బిడ్డ వైపు చూసింది. బిడ్డ నాలుక ఇంకా చప్పరిస్తోంది. వాడి పెదవి మీద తడి మెరుస్తోంది.

"అమ్మమ్మా?" అన్నాడు నానా.

"నానా, నన్ను క్షమించండి. నేను నీళ్ళని సారా అనలేను. దారి బాగానే ఉంది. మా బండికి బ్రేకులు లేవు."

చప్పట్లకు ఎత్తిన చేతులు కిందికి దిగాయి.

"తొఫియాక్వా!" ద్వామెనా కుర్చీ వెనక్కి పడింది. "పేరు పెట్టిన నోరు ఇంకా ఆరలేదు, పసిబిడ్డని చేతిలో పెట్టుకుని ఇవేం మాటలే? నా పరువు తీయడానికే వచ్చావా ఇక్కడికి?"

ఆమె బిడ్డను ఇంకా దగ్గరగా అదుముకుంది. "పరువు పోతే మళ్ళీ వస్తుంది సెర్వా నాన్నా" అంది.

అప్పుడు పోకువా లేచింది. "నన్ను కూడా కలుపుకో తమ్ముడూ. నాది ఎలాగూ పంక్చరు నోరే. నిన్నంతా వెనక సీటులో నేనే బ్రేకు తొక్కుతూ వచ్చాను. పిక్కలు పట్టేశాయి."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. బొవాఫో నేలచూపులు చూస్తూ ముందుకొచ్చాడు. "అగ్యా, నిన్న చెట్టు కిందకి తిప్పినప్పుడు బ్రేకు పెడలు అడుగుదాకా దిగిపోయింది. రెండోసారి తొక్కితేగానీ పట్టలేదు. మామగారి బండికి వంక పెట్టడమేంటని ఊరుకున్నాను. నా బిడ్డ ఎక్కాల్సిన బండి, అయినా ఊరుకున్నాను."

నానా చేతికర్ర నేలమీద ఒకసారి తట్టాడు. "ద్వామెనా, వీళ్ళంతా మాట్లాడారు. నీ మాట వినలేదు. ఇందాకే నీ పేరు ఒక నోటిలో పెట్టాం. చెప్పు. నీళ్ళా, సారానా?"

ద్వామెనా భార్య వైపు చూశాడు, ఆమె చేతుల్లోని తన పేరు వైపు చూశాడు.

"నాకూ తెలుసు నానా" అన్నాడు చివరికి. "పోలీసు దగ్గర కాలికి తెలిసిపోయింది. కార్యం అయ్యాక చూపిద్దాం, ఈలోగా ఆ మాట ఎవరూ పైకి అనకపోతే చాలనుకున్నాను."

చదివేవారు గమనించాలి. బండిలో ఉన్న అందరికీ తెలుసు. ఒక్కరికి తెలియకపోతే అది అజ్ఞానం. అందరికీ తెలిసీ ఎవరూ అనకపోతే దానికేం పేరు పెట్టాలి?

*

అయినా డప్పులు మోగాయి. గుడ్లు పెట్టిన యామ్ ముద్దలు పంచారు. కార్యం కార్యంలాగే సాగింది. ఒబో ఊరి ఫిట్టరు ఒకాంటా కూడా బంతిలోనే ఉన్నాడు. మూతి తుడుచుకుని బండి కింద జాకీ పెట్టాడు. తెల్లబట్టల్లో ఉన్న సగం ఊరు చుట్టూ చేరింది.

ముందు చక్రం ఊడదీసి, లోపలి నుంచి బ్రేకు ప్యాడు బయటికి లాగి అరచేతిలో పెట్టి చూపించాడు. మందపాటి పొర ఉండవలసిన చోట ఏమీ లేదు. వట్టి ఇనుము. ఆ ఇనుము రాసుకుని రాసుకుని చక్రంతో తిరిగే డిస్కు మీద గోళ్ళతో గీరినట్టు గాట్లు పడ్డాయి. ప్యాడు అంచున చిన్న రేకు ముక్క ఒకటి వెనక్కి మడిచి ఉంది.

"ఇదేంటి?" అంది సెర్వా.

"ఇది అరిచే రేకమ్మా. ప్యాడు అరిగి కొసకొచ్చినప్పుడు ఇది డిస్కుకి తగిలి కీచుమంటుంది, నన్ను మార్చండిరా అని. అంతకుమించి దీంతో పనిలేదు. అరవడమే దీని పని. దీన్నెవరో పట్టకారుతో వంచేశారు, అరవకుండా."

అసాబెయాకు కొఫొరిడువా ఫిట్టరు బెంచీ గుర్తొచ్చింది. ఆ సంగతి అనవలసినవాడే అన్నాడు.

"నేనే వంచమన్నాను" అన్నాడు ద్వామెనా. "పట్టకారు వాడిది, మాట నాది. ఇన్నేళ్ళుగా రేకులు అమ్ముతున్నాను. ఈ ఒక్క రేకు అరిస్తే భరించలేకపోయాను."

"ఇలాగే దిగి ఉంటే ఏమయ్యేది?" అడిగాడు బొవాఫో.

ఒకాంటా అలవాటుగా, "దేవుడి దయ..." అని మొదలుపెట్టాడు. నానా కర్ర తట్టాడు. "చెప్పు అబ్బాయ్. ఈ వాకిట్లో ఇవాళ నీళ్ళని నీళ్ళనే రోజు."

"పై మలుపుల్లో పట్టేది నానా. మనవాళ్ళంతా గేరు తీసేసి దిగుతారు కదా, ఇనుము కాలి ఎర్రబడేది. కింది మలుపులకి వచ్చేసరికి కాలి కింద బ్రేకన్నదే ఉండేది కాదు."

సెర్వా బిడ్డను తల్లి చేతుల్లోంచి తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ద్వామెనా అక్కడే బండి మెట్టు మీద కూలబడ్డాడు.

ఒకాంటా పాత ప్యాడు జేబులో వేసుకుని ట్రోట్రో అనే అద్దె వ్యాను ఎక్కి ఎన్‌కాకా దిగాడు. వెళ్ళేముందు ద్వామెనా పిలిచి, "విదేశాల్లో వాడి దించినవి దొరుకుతాయేమో, అవి కొత్తవాటికన్నా..." అనబోయాడు. మా వైపు అదొక నమ్మకం. ఎవడో తొక్కి పారేసిన బ్రేకు, డబ్బాలోని కొత్తదానికన్నా మేలని.

"తమ్ముడూ!" అంది పోకువా.

"కొత్తవే తే" అన్నాడు ద్వామెనా వెంటనే. "మంచివి. రెండు చక్రాలకీ."

ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి కొత్త డిస్కులు, కొత్త ప్యాడులు బిగించడం అయింది. నల్లబడిన పాత బ్రేకు ఆయిల్ తీసేసి కొత్తది పోశాడు. ఇక గొట్టాల్లోంచి గాలి తీయాలి. అందుకు లోపల ఒకరు కూర్చుని పెడలు తొక్కాలి, చక్రం దగ్గర ఇంకొకరు మర తిప్పాలి. ద్వామెనా తలుపు తెరిచి పట్టుకుని భార్య వైపు చూశాడు.

"నువ్వు కూర్చో. నీకే ముందు తెలుస్తుంది."

అసాబెయా తెల్లచీరలాంటి ఆ నిండు బట్ట మోకాళ్ళ పైకి మడిచి డ్రైవరు సీటులో కూర్చుంది. "తొక్కమ్మా... తొక్కి పట్టుకో... ఊఁ, వదులు" అని కింద నుంచి ఒకాంటా. మొదట పెడలు నీళ్ళల్లో కాలు పెట్టినట్టు మెత్తగా దిగిపోయింది. తరువాత కొంచెం తక్కువ దిగింది. క్రమంగా పొంగిన పిండిలా ఎదురు తన్నడం మొదలుపెట్టింది. చివరికి పాదం కింద గట్టి నేల వచ్చి నిలిచింది.

"వచ్చింది! గట్టిగా వచ్చింది సెర్వా నాన్నా!" అని చిన్నపిల్లలా అరిచింది. ఎందుకో ఏడుపు కూడా వచ్చింది. ద్వామెనా కిటికీలోంచి చేయి పెట్టి ఆమె భుజం మీద ఉంచాడు. అంతమంది ముందు ఆయన ఎన్నడూ అలా చేయలేదు.

కొత్త ప్యాడులు కుదురుకోవడానికి చదును రోడ్డు మీద ఒకాంటా ఆయన చేత పదేపదే మెల్లగా తొక్కించి, ఆపించి, మళ్ళీ నడిపించాడు. తరువాత మూటలు ఎక్కాయి. సెర్వా బిడ్డతో వెనుక కూర్చుంది, పక్కన పోకువా. నానా సాగనంపడానికి వచ్చి, బండి వెనుక అద్దం మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"దేవుడు నిద్రపోడు. నిజమేరా ద్వామెనా, పాపం ఆయన నిద్రపోలేదు. నీ ఇంటిదాన్ని లేపాడు, నీ అక్కని లేపాడు, మా పిల్లాణ్ణి లేపాడు, ఆఖరికి నీ కాలిని కూడా లేపాడు. ఆయన లేపినవాళ్ళందరినీ నువ్వు కూర్చుని జోకొట్టావు. ఇంకెప్పుడూ ఆ పని చేయకు."

"చేయను నానా" అన్నాడు ద్వామెనా. "దారి బొకో?" అన్నాడు పెద్దాయన. ద్వామెనా జవాబు చెప్పకుండా భార్య వైపు చూశాడు. అసాబెయా ఒకసారి బ్రేకు వైపు, ఒకసారి బిడ్డ వైపు చూసి, "బొకో నానా" అంది. ఈసారి ఆ మాటకు రుచి ఉంది.

మొదటి మలుపు దగ్గర ఒక టాక్సీ గేరు తీసేసి సుయ్యిమంటూ వాళ్ళను దాటిపోయింది. ద్వామెనా చేయి పాత అలవాటుతో గేరు కడ్డీ మీదికి పోయింది.

"గేరులోనే ఉంచు సెర్వా నాన్నా."

"ఉంచాను. ఇంకేమైనా వినపడుతోందా?"

"చిన్న ద్వామెనా గురక."

"వెనకాల నుంచి నాకో మాట వినపడుతోంది" అంది పోకువా. "స్పేరు టైరు కూడా నున్నగా ఉందట."

ద్వామెనా చేయి తల దాకా లేచి ఆగింది. తరువాత పకపకా నవ్వాడు. "రేపే మారుస్తానక్కా. చెప్పినందుకు నీ నోటికి ఒక రొట్టె."

బండి రెండో గేరులో మూలుగుతూ, ఆగవలసిన ప్రతి చోటా ఆగుతూ, నెమ్మదిగా కొండ దిగింది. మన ఇళ్ళలో అక్క రూపంలో, ఆలి రూపంలో, అల్లుడి రూపంలో ఇలాంటి చిన్న రేకులు ఎన్నో ఉంటాయి. హెచ్చరించే నోరు ఇంటికి శాపం కాదు, కాపలా, దాన్ని వంచకండి.